బోర్డు మీద పేర్లు రాసే పిల్లాడు

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా అండీ? సరే. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చేయండి, నేనేం ప్రశ్నలు అడగను.

డిస్టోపియా నవలల మీద, అంటే మనిషికి ఊపిరాడని పీడకల లాంటి సమాజాన్ని ఊహించి రాసిన కథల మీద మాట్లాడమన్నారు. ఆ కథల్లో ప్రభుత్వాలు జనాన్ని ఎలా అదుపులో పెడతాయి అనేది టాపిక్. పోస్టర్ మీద పెద్ద కన్ను బొమ్మ కూడా వేశారు, బాగుంది. కానీ నేను ఆ కన్ను దగ్గర మొదలుపెట్టను, మా ఊరి హైస్కూల్లో ఆరో తరగతి గది దగ్గర మొదలుపెడతాను.

నేను క్లాస్ లీడర్ని. మీలో చాలామంది అయ్యుంటారు. సారు బయటికెళ్తూ చాక్‌పీసు నా చేతిలో పెట్టేవారు, నేను బోర్డు మీద 'మాట్లాడినవారు' అని రాసి కింద గీత కొట్టి ఇటు తిరిగి నిలబడేవాణ్ణి. నోరు తెరిచిన ప్రతివాడి పేరూ ఎక్కుతుంది. రెండోసారి మాట్లాడితే పేరు పక్కన ఇంటూ టూ, ఇంకా మాట్లాడితే ఇంటూ త్రీ. సారు స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతుండేవారు, ఇక్కడ క్లాసులో ఈగ వాలినా వినపడేది. ఒకరోజు నా బెంచీ మీదే కూర్చునేవాడి పేరు రాశాను. వాడు నోరు తెరిచిన మాట నిజమే, పక్కవాణ్ణి రబ్బరు అడిగాడు, అంతే. చెరిపెయ్యరా చెరిపెయ్యరా అని చేత్తో సైగలు చేశాడు, నేను చెరపలేదు. సారు వచ్చి వాడి అరచేతి మీద రెండు తగిలించి, తర్వాత బోర్డు వంక చూసి 'నీ చేతిరాత బాగుందిరా' అన్నారు. ఇన్నేళ్ళయినా నాకు వాడి మొహం కన్నా ఆ మెచ్చుకోలే ఎక్కువ గుర్తుంది, ఏం చేస్తాం.

ఇప్పుడు నవలలకి వద్దాం. డిస్టోపియా అనగానే మనకి ఏం గుర్తొస్తాయి, కెమెరాలు, పోలీసులు, గోడ మీద నాయకుడి ఫోటో, చిత్రహింసల గది. ఉంటాయి, కాదనను. కానీ నేను ఇవన్నీ వరసపెట్టి చదువుతూ పోతుంటే ఒక విషయం పట్టుకుంది నన్ను, ఈ కథల్లో హీరో ఎవడు అని చూడండి, దాదాపు ప్రతిసారీ ఉద్యోగస్తుడు. అదీ ఆ ప్రభుత్వంలోనే ఉద్యోగం, పైగా పనిమంతుడు. '1984'లో విన్‌స్టన్ పాత పేపర్లు దిద్దే రికార్డుల సెక్షన్లో గుమాస్తా. 'వుయ్' నవలలో హీరో ప్రభుత్వం కడుతున్న అంతరిక్ష నౌకకి ఇంజినీరు. 'ఫారెన్‌హీట్ 451'లో మాంటాగ్‌కి పుస్తకాలు తగలబెట్టే డిపార్ట్‌మెంట్లో పదేళ్ళ సర్వీసు, ఆ నవల మొదటి వాక్యమే తగలబెట్టడం ఎంత ఆనందంగా ఉండేదో చెప్తుంది. 'బ్రేవ్ న్యూ వరల్డ్'లో బెర్నార్డ్ మార్క్స్ నిద్రపోయే పిల్లల చెవుల్లో పాఠాలు ఎక్కించే సబ్జెక్టులో స్పెషలిస్టు. అడవిలో దాక్కున్న విప్లవకారుడు ఒక్కడూ లేడు. అందరూ పొద్దున్నే టైముకి ఆఫీసుకెళ్ళే బాపతు. నాకు ఇది యాదృచ్ఛికం అనిపించదు, ఎందుకంటే రాసినవాళ్ళలో కనీసం ఇద్దరు అలాంటి ఉద్యోగాలు చేసి వచ్చినవాళ్ళే.

'వుయ్' రాసిన జామ్యాటిన్‌ని తీసుకోండి. వీటన్నిటికీ మూలపురుషుడు ఆయనే. రష్యన్, ఓడల ఇంజినీరు. 1916లో రష్యాకి కావాల్సిన ఐస్‌బ్రేకర్ ఓడలు ఇంగ్లాండులో న్యూకాజిల్లో కడుతుంటే వాటిని పర్యవేక్షించడానికి పంపారు, ఏడాదిపైనే అక్కడున్నాడు. ఐస్‌బ్రేకర్ అంటే సముద్రంలో గడ్డకట్టిన మంచుని పగలగొట్టుకుంటూ పోయే ఓడ. వాటిల్లో ఒకటి, అలెగ్జాండర్ నెవ్‌స్కీ అనే సెయింటు పేరు మీద కట్టింది, విప్లవం తర్వాత దానికి లెనిన్ అని పేరు మార్చారు. అంటే ఈయన కట్టించిన ఓడ కొత్త ప్రభుత్వంలో హాయిగా తిరుగుతోంది, ఈయన మాత్రం అదే ప్రభుత్వంలో పుస్తకం అచ్చేయించుకోలేకపోయాడు. జార్ కాలంలో ఒకసారి జైల్లో పెట్టారు, తను కూడా అప్పుడు బోల్షివిక్కే, అంటే లెనిన్ పార్టీవాడే. తర్వాత 1922లో బోల్షివిక్కులు పెట్టారు. అదే జైలు, అదే వరండా అంట.

ఈయన 1920, 21 ప్రాంతంలో రాసిన నవల 'వుయ్', అంటే 'మేము'. మనుషులకి పేర్లుండవు, నంబర్లే, హీరో డి-503. ఇళ్ళన్నీ గాజువి, గోడ, పైకప్పు, మంచం అన్నీ గాజే, కాబట్టి నిఘా అని ప్రత్యేకంగా ఒకటి పెట్టక్కర్లేదు, పక్కింటివాడు తలెత్తితే చాలు. పరదా దించుకోవాలంటే గులాబీ రంగు కూపన్ ఉండాలి, దేనికో మీకు చెప్పక్కర్లేదు. (నవ్వులు) ఊరంతా ఒకే టైముకి లేవడం, ఒకే టైముకి చెంచా నోట్లో పెట్టుకోవడం, ఒక్కో ముద్ద 50 సార్లు నమలడం, నలుగురు నలుగురుగా వరసల్లో వాకింగ్. దీనంతటికీ ఒక గంటల పట్టిక ఉంటుంది, అదే వాళ్ళ వేదం. ప్రాచీనుల సాహిత్యంలోకెల్లా గొప్ప రచన రైల్వే టైంటేబుల్ అంటాడు డి-503, జోకు కాదు, సీరియస్‌గానే అంటాడు. రోజులో రెండు గంటలు మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళది, సాయంత్రం 4 నుంచి 5, రాత్రి 9 నుంచి 10. మరి మన హీరో ఆ రెండు గంటల గురించి ఏమంటాడో తెలుసా, ఇంకా ఈ రెండు గంటలు లెక్కలోకి రాకుండా మిగిలిపోయాయే, ఎప్పటికైనా ఇవి కూడా పట్టికలోకి ఎక్కితే బాగుండు అంటాడు.

మొదటిసారి ఇది చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టేశాను, ఎందుకంటే ఇది నాకు తెలిసిన సీనే. ఇంటర్‌లో హాస్టల్లో ఉన్నాను, పేరెందుకు లెండి, మీరు ఏ కాలేజీ అనుకుంటే అదే. నాలుగున్నరకి బెల్లు, ఐదింటికి స్టడీ అవర్, మెస్సులో ఇడ్లీకి పదిహేను నిమిషాలు, మళ్ళీ క్లాసులు, మళ్ళీ స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి లైట్లు ఆఫ్. లెక్చరర్లకి మా పేర్లు తెలీవు, అడ్మిషన్ నంబరు తెలుసు. ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఔటింగ్, అది కూడా స్లిప్పు రాయించుకుని. సెకండియర్ జనవరిలో మా రూమ్మేట్ ఒకడు, మంచివాడే, మంచి ర్యాంకర్, వార్డెన్ దగ్గరికెళ్ళి సార్ ఎగ్జామ్స్ అయ్యేదాకా ఔటింగ్ క్యాన్సిల్ చేస్తే బెటర్ సార్, అందరికీ టైము కలిసొస్తుంది అన్నాడు. క్యాన్సిల్ చేశారు. మేం వాణ్ణి ఒక పూటంతా తిట్టాం, రాత్రి స్టడీ అవర్‌కొచ్చేసరికి నిజమేలే, వాడు చెప్పింది కరెక్టే కదా అనుకున్నాం. ఈ 'కరెక్టే కదా' అనేదాన్ని జామ్యాటిన్ వందేళ్ళ కిందట పట్టుకున్నాడు. వార్డెన్ గురించి ఎవరైనా రాస్తారు, వార్డెన్ దగ్గరికి తనంతట తనే వెళ్ళినవాడి గురించి రాయాలంటే లోపల ఉండి చూసి ఉండాలి.

ఇంకో తమాషా, ఆ నవల మొత్తం డి-503 రాసే డైరీ. ఎందుకు రాస్తున్నాడంటే ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటన వచ్చింది, వేరే గ్రహాలవాళ్ళకి మన గొప్పతనం తెలిసేలా అందరూ ఏదో ఒకటి రాయండి, నౌకలో పంపిద్దాం అని. అంటే అది ప్రచార సాహిత్యంగా మొదలైంది, రాస్తూ రాస్తూ ఉంటే ఆయనకి తెలీకుండానే వేరే ఏదో అయిపోయింది. చివరికి ఊహాశక్తి అనే జబ్బుకి ఆపరేషన్ కనిపెడతారు, ఎక్స్‌రేలతో మెదడులో ఆ చోటు మాడ్చేస్తారు. ఆయనకీ చేస్తారు. ప్రేమించిన మనిషిని తన కళ్ళెదుటే గాజు గంట కింద పెట్టి హింసిస్తుంటే చూసి, తర్వాత ప్రశాంతంగా డైరీలో రాసుకుంటాడు, అప్పుడు కూడా చేతిరాత బాగానే ఉండి ఉంటుంది.

ఈ పుస్తకం మొదట బయటికొచ్చింది రష్యన్‌లో కాదు, 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లీషు అనువాదంగా. సొంత దేశంలో అచ్చయ్యేసరికి 1988. ఆయన 1931లో స్టాలిన్‌కే ఉత్తరం రాసి దేశం వదిలి వెళ్తానని అడిగాడు, ఆశ్చర్యం ఏంటంటే వెళ్ళనిచ్చారు, రచయిత గోర్కీ మాట సాయం చేశాడంటారు. 1937లో పారిస్‌లో పోయాడు.

సరే, '1984' రాసిన ఆర్వెల్. ఈయన గురించి అందరికీ తెలుసు కాబట్టి తెలిసినవి వదిలేస్తాను. గోడ మీద ఫోటోలో ఉండే నాయకుడు బిగ్ బ్రదర్, మనం చూసే టీవీయే మనల్ని కూడా చూసే టెలిస్క్రీను, కొత్త భాష, రోజూ రెండు నిమిషాల ద్వేషం, ఇవన్నీ ఇప్పుడు పేపర్ల హెడ్డింగుల్లో కూడా వాడేసి వాడేసి అరిగిపోయాయి. ఈయన పుట్టింది మన బీహార్‌లో, మోతీహారిలో, 1903లో, తండ్రి ప్రభుత్వ నల్లమందు డిపార్ట్‌మెంట్లో ఉద్యోగి. పంతొమ్మిదేళ్ళకి బర్మాలో పోలీసు ఆఫీసరుగా చేరి 1927 దాకా చేశాడు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో రెండేళ్ళపైన బీబీసీలో పనిచేశాడు, ఏ సెక్షనో తెలుసా, ఇండియాకి ప్రసారాలు చేసే సెక్షను. అంటే మన తాతలు ఎటు మొగ్గాలో చెప్పే స్క్రిప్టులు రాసే ఉద్యోగం. ఆయన భార్య ఐలీన్ యుద్ధం మొదలైన కొత్తలో సమాచార శాఖ సెన్సార్‌షిప్ విభాగంలో చేసింది. మొగుడు ప్రచారం, పెళ్ళాం సెన్సారు, ఇంట్లో ఏం మాట్లాడుకునేవాళ్ళో! అందుకే '1984'లో సత్య మంత్రిత్వ శాఖ అంత నమ్మకంగా ఉంటుంది, ముఖ్యంగా ఆ క్యాంటీను, ఉడికిన క్యాబేజీ వాసన, జిడ్డు ట్రేలు, లంచ్‌లో పక్కన చేరి విసిగించే కొలీగ్. ఊహించి రాసింది కాదది, తిని రాసింది.

ఒక చిన్న సంఘటన చెప్తాను, నా లెక్కలో నవలకి గుండెకాయ ఇదే, సినిమా తీసేవాళ్ళు దీన్ని దాటేసి చివర్లో విన్‌స్టన్‌ని హింసించే ఎలుకల బోను దగ్గరికి పరిగెడతారు. చాక్లెట్ రేషను. వచ్చే వారం నుంచి చాక్లెట్ రేషను 30 గ్రాముల నుంచి 20 గ్రాములకి తగ్గిస్తున్నాం అని టెలిస్క్రీన్‌లో చెప్తారు. సమస్య ఏంటంటే ఈ ఏడాది తగ్గించేది లేదని అంతకుముందే ఫిబ్రవరిలో ప్రభుత్వం మాటిచ్చింది, పేపర్లో కూడా వచ్చింది. మరి ఆ పాత పేపరు దిద్దాలి కదా. ఆ ఫైలు ఎవరి టేబుల్ మీదకి వచ్చింది, మన విన్‌స్టన్ టేబుల్ మీదకే. ఆయన చక్కగా కూర్చుని 'ఏప్రిల్‌లో కొంత తగ్గించాల్సి రావచ్చు' అని ప్రభుత్వం అప్పుడే హెచ్చరించినట్టు మార్చి రాసి, ఒరిజినల్ కాగితాన్ని గోడలో ఉండే కన్నంలో పడేస్తాడు, అది పోయి కొలిమిలో పడుతుంది. తర్వాత లంచ్‌కి వెళ్తే క్యాంటీన్ టెలిస్క్రీన్‌లో ఇంకో వార్త, చాక్లెట్ రేషను వారానికి 20 గ్రాములకి పెంచినందుకు జనం ఊరేగింపులు తీసి బిగ్ బ్రదర్‌కి కృతజ్ఞతలు చెప్పారంట! తగ్గించింది నిన్ననే. పక్కనున్న పార్సన్స్ గుడ్లు మిటకరిస్తూ నమ్మేస్తాడు, అటుపక్క చదువుకున్నవాడు, నిఘంటువు రాసేవాడు సైమ్ కూడా తనదైన పద్ధతిలో నమ్మేస్తాడు. విన్‌స్టన్‌కి ఒళ్ళు మండుతుంది, ఈ లోకంలో జ్ఞాపకం అనేది నాకొక్కడికే మిగిలిందా అనుకుంటాడు.

బాబూ, నువ్వు పొద్దున చేసిన పనేంటి?

ఆర్వెల్ ఆ ప్రశ్న నేరుగా అడగడు, వదిలేస్తాడు, చదివేవాడికి వెలిగితే వెలిగింది. విన్‌స్టన్‌కి జీవితంలో అన్నిటికన్నా సంతోషాన్నిచ్చేది తన పనే అని మాత్రం ఆ చాప్టర్లోనే స్పష్టంగా రాస్తాడు. ఒకరోజు ఓగిల్వీ అని అసలు పుట్టనే పుట్టని సైనికుణ్ణి సృష్టిస్తాడు విన్‌స్టన్, పాత ప్రసంగంలో ఒక పేరు తీసేయాల్సి వచ్చి ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి. మూడేళ్ళ వయసులో డప్పు, తుపాకీ, బొమ్మ హెలికాప్టరు తప్ప వేరే బొమ్మలు ముట్టలేదు, పదకొండేళ్ళకి సొంత బాబాయి మీద రిపోర్టు ఇచ్చాడు, ఇరవై మూడేళ్ళకి యుద్ధంలో పోయాడు, ఇలా కథ అల్లుకుంటూ పోతాడు, ఎంత ఎంజాయ్ చేస్తూ రాస్తాడో చూడండి, రచయిత పుట్టుక అది. ప్రభుత్వానికి వ్యతిరేకంగా రహస్యంగా డైరీ రాసేవాడూ, ప్రభుత్వం కోసం ఓగిల్వీని పుట్టించినవాడూ ఒకడే, రాస్తూ మురిసిపోయే మనిషి.

పార్సన్స్ సంగతి కూడా చెప్పి ఆర్వెల్‌ని వదిలేస్తా. ఈ పార్సన్స్ ఉన్నాడే, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో చందాలు వసూలు చేస్తూ తిరిగేవాడు ఒకడుంటాడు చూడండి, ఆ టైపు, చెమట కంపు, మనసు మాత్రం మంచిదే. చివరికి వాణ్ణీ జైల్లో వేస్తారు. ఏం చేశావయ్యా అంటే నిద్రలో బిగ్ బ్రదర్ డౌన్ డౌన్ అని కలవరించాడంట. ఎవరు పట్టిచ్చారు అంటే ఏడేళ్ళ కూతురు, తాళం కన్నం దగ్గర చెవి పెట్టి విని మర్నాడే వెళ్ళి చెప్పేసింది. దానికి వాడు నాకేం కోపం లేదు, గర్వంగా ఉంది, పిల్లని సరిగ్గా పెంచాను అన్నమాట అంటాడు. నేను ఎన్నిసార్లు చదివినా ఇక్కడ నవ్వొస్తుంది, ఆ తర్వాత ఇంకేం రాదు.

హక్స్‌లీ. 'బ్రేవ్ న్యూ వరల్డ్', 1932. హక్స్‌లీ చెప్పింది నిజమైందా ఆర్వెల్ చెప్పింది నిజమైందా అని ఒక డిబేట్ ఉంది, యూట్యూబ్ నిండా అదే, ఎన్టీఆర్ గొప్పా ఏఎన్నార్ గొప్పా లాంటిది, నేను అందులోకి పోను. (నవ్వులు) నిజం చెప్పాలంటే నవల రెండో సగం నాకు బోరు, అడవి మనిషి జాన్ వచ్చాక అందరూ ఉపన్యాసాలే. మొదటి మూడు నాలుగు చాప్టర్లు మాత్రం బంగారం. పిల్లల్ని సీసాల్లో పెంచే ఫ్యాక్టరీ, అక్కడికి స్టూడెంట్లని టూర్‌కి తీసుకొస్తారు. ఎనిమిది నెలల పసిపిల్లల్ని వరసగా నేల మీద వదుల్తారు, ఎదురుగా గులాబీ పూలు, రంగు రంగుల బొమ్మల పుస్తకాలు. పిల్లలు కేరింతలు కొడుతూ పాక్కుంటూ వెళ్తారు. సరిగ్గా పూల మీద చెయ్యి పడగానే హెడ్ నర్సు ఒక మీట నొక్కుతుంది, సైరను, గంటలు, తర్వాత నేలకి కరెంటు షాకు. ఇలా 200 సార్లు చేస్తే పెద్దయ్యాక పుస్తకం చూసినా పువ్వు చూసినా వాళ్ళకి పుట్టుకతో వచ్చిన భయంలా ఉంటుంది.

పుస్తకాలంటే అర్థమైంది, పువ్వులెందుకు అని ఒక స్టూడెంటు అడుగుతాడు. డైరెక్టరు సమాధానం వినండి, పువ్వులకీ ప్రకృతి దృశ్యాలకీ ఒక పెద్ద లోపం ఉంది, అవి ఉచితం, వాటివల్ల ఏ ఫ్యాక్టరీ నడవదు! అందుకని పల్లెలంటే అసహ్యం నేర్పి, పల్లెల్లో ఆడే ఖరీదైన ఆటలంటే మోజు నేర్పుతారు, దాంతో టికెట్టు కొని వెళ్తారు, సామాన్లూ కొంటారు. నేను ఈ పేజీ చదివిన వారమే మా వాళ్ళు ఊరి బయట రిసార్టుకి తీసుకెళ్ళారు, అక్కడ ఎంట్రీ ఫీజు కట్టి ఎడ్లబండి ఎక్కాను. మా తాతకి రెండు బళ్ళుండేవి.

ఇంకోటి, నిద్ర పాఠాలు. వాళ్ళ సమాజంలో ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని ఐదు అంతస్తులు, రచయిత వాడిన మాట కూడా కాస్ట్ అనే, ఈయన ఈ నవలకి కొన్నేళ్ళ ముందే ఇండియా తిరిగి వెళ్ళాడు మరి. బీటా పిల్లలు నిద్రపోతుంటే దిండు కింద స్పీకరు మెల్లగా చెప్తూ ఉంటుంది. ఆల్ఫా పిల్లలు మనకన్నా తెలివైనవాళ్ళు, కానీ పాపం చాలా కష్టపడాలి, నేను బీటాగా పుట్టడం ఎంత హాయో, గామాలు మొద్దులు, డెల్టాలతో ఆడుకోకూడదు, ఇలా. గమనించారా, పైవాణ్ణి చూసి ఏడవకుండా కిందవాణ్ణి చూసి తృప్తిపడే ఏర్పాటు. ఇది బయటి పాఠకులకి సైన్స్ ఫిక్షను, మనకి నిచ్చెన మెట్లు. అంబేడ్కర్ దీన్నే అంతస్తుల అసమానత అన్నారు, ఒక్క కింది మెట్టు తప్ప ప్రతి మెట్టు మీదున్నవాడికీ తొక్కడానికి ఒకడు ఉంటాడు కాబట్టి నిచ్చెన పడగొట్టాలని అందరికీ ఒకేసారి అనిపించదు. మనకి దిండు కింద స్పీకరు అక్కర్లేదు, పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు పక్కగదిలో పిల్లలు పడుకుని ఉంటే చాలు.

సోమా అని ఒక బిళ్ళ కూడా ఉంటుంది, మనసు బాగోకపోతే వేసుకోవాలి. సోమరసం నుంచి తెచ్చిన పేరే అది. మనవాళ్ళు చూడండి వేదాల్లోనే ఉంది అని వాట్సాప్‌లో తిప్పుతారేమో, ఆయన పెట్టింది మాత్రం వెక్కిరింపుగా.

బ్రాడ్‌బరీది తొందరగా ముగిస్తాను, టైము చూస్తున్నారు అధ్యక్షులవారు. 'ఫారెన్‌హీట్ 451', 1953 నవల. లాస్‌ఏంజిలిస్‌లో యూనివర్సిటీ లైబ్రరీ అండర్‌గ్రౌండ్‌లో అద్దె టైపురైటర్లు ఉండేవి, అరగంటకి పది సెంట్లు, ఆ నాణేలు వేసుకుంటూ మొదటి డ్రాఫ్టు కొట్టాడు, మొత్తం ఖర్చు 9 డాలర్ల 80 సెంట్లు అని ఆయనే చెప్పుకునేవాడు. ఇందులో నాకు నచ్చేది మాంటాగ్ భార్య మిల్డ్రెడ్. హాల్లో మూడు గోడలూ టీవీలే, వాటిల్లో వచ్చే మనుషుల్ని ఆవిడ మా ఫ్యామిలీ అంటుంది, నాలుగో గోడకి కూడా టీవీ పెట్టిద్దామండీ రెండు వేల డాలర్లే కదా అంటుంది, అది మాంటాగ్ ఏడాది జీతంలో మూడో వంతు. మూడో గోడ పెట్టించి రెండు నెలలే అయింది. మనమైతే నో కాస్ట్ ఈఎంఐ అంటాం. చివరికి మొగుడి మీద రిపోర్టు ఇచ్చేదీ ఆవిడే, ఇచ్చేసి సూట్‌కేసు పట్టుకుని అయ్యో నా ఫ్యామిలీ, అంతా పోయింది అంటూ ట్యాక్సీ ఎక్కుతుంది.

ఆ నవల్లో పుస్తకాల నిషేధం పైనుంచి వచ్చింది కాదు. మాంటాగ్ పై ఆఫీసరు, ఫైర్ కెప్టెన్ బీటీ, మాంటాగ్ ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని తీరిగ్గా చెప్తాడు, మొదట ఏ చట్టమూ లేదయ్యా, జనమే చదవడం మానేశారు, పుస్తకాలు కుదించారు, ఆ కుదించినదాన్ని మళ్ళీ కుదించారు, ఎవరి మనసూ నొచ్చుకోకుండా ఒక్కో పేజీ చింపుకుంటూ వచ్చారు, మేం చివర్లో వచ్చి అగ్గిపుల్ల గీశామంతే అని. విలన్ నోటితో చెప్పించాడు కాబట్టి ఇది అబద్ధం అనుకుంటే పొరపాటు.

ఇక మార్గరెట్ ఆట్‌వుడ్, 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్', 1985. 1984లో పశ్చిమ బెర్లిన్‌లో ఉండగా మొదలుపెట్టింది ఆవిడ, బెర్లిన్ గోడకి ఇవతల. ఒక నియమం పెట్టుకుంది, చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిది ఒక్కటి కూడా నవల్లో పెట్టను అని. ఉదాహరణకి పిల్లల్ని కనడం ప్రభుత్వ డ్యూటీ చేయడం రొమేనియాలో జరిగింది, 1966లో అబార్షన్లు నిషేధించారు అక్కడ.

ఇందులో హీరోయిన్ తిరుగుబాటు కథ టీవీ సిరీస్ చూసినవాళ్ళకి తెలుసు. నేను ఒక్క రోజు గురించే చెప్తాను, అంతా మారిపోయిన రోజు. ఆవిడ లైబ్రరీలో చిన్న ఉద్యోగి, పుస్తకాల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని. పొద్దున్నే రోజూ వెళ్ళే కొట్టుకి సిగరెట్ ప్యాకెట్ కోసం వెళ్తుంది. ఆ దేశంలో నోట్లు లేవు, అంతా కార్డే. కొట్లో కొత్త కుర్రాడు నంబరు కొట్టి ఇది చెల్లదండీ అంటాడు. అకౌంట్లో డబ్బులున్నాయే, ఇంకోసారి కొట్టు అంటుంది. మళ్ళీ అదే. ఇది 1985లో రాసిన సీను, కిరాణా కొట్టు ముందు ఫోన్ పట్టుకుని సర్వర్ డౌన్ అంకుల్ అనడం మనందరికీ అలవాటే, కాకపోతే మనకి కాసేపటికి వెళ్తుంది. ఆవిడకి మరి వెళ్ళలేదు. ఆఫీసుకెళ్తే మధ్యాహ్నం డైరెక్టరు వచ్చి చెమటలు కారుతూ మీరందరూ వెళ్ళిపోవాలి, ఇది చట్టం, నన్నేం అనొద్దు ప్లీజ్ అంటాడు. బయట తుపాకులతో మనుషులు. సాయంత్రానికి తెలుస్తుంది, ఆడవాళ్ళ అకౌంట్లన్నీ ఆపేశారు, ఆస్తులు వాళ్ళ పేరు మీద ఉండకూడదు, భర్త వాడుకోవచ్చు. కంప్యూటర్లో ఒక మార్పు, అంతే.

ఆ రాత్రి భర్త ల్యూక్ దగ్గరికి తీసుకుని నేనున్నానుగా, నిన్ను చూసుకుంటాను అంటాడు. మంచివాడు, ప్రేమించి చేసుకున్నవాడు. ఆవిడకి మాత్రం ఆ చేతుల్లో పడుకుని ఒక అనుమానం వస్తుంది, ఈయనకి ఇది పెద్ద బాధగా ఏం లేదు, కొంచెం నచ్చింది కూడానేమో అని. అడగదు. అడిగి నిజమని తెలిస్తే ఏం చేయాలి! మొత్తం నవల్లో ఉరితీసిన శవాలు గోడకి వేలాడే సీన్ల కన్నా నాకు ఈ పడకగదే భయమేస్తుంది. ఇక్కడున్న మగవాళ్ళం ఎవరం అయినా, నాతో సహా, ఆ రాత్రి ల్యూక్ కన్నా మంచి మాట ఏదైనా అనేవాళ్ళమా అని ఆలోచించాను, నాకు తట్టలేదు. మా ఆవిడకి ఈ పేజీ చదివి వినిపిస్తే 'మీరూ అదే అంటారు' అంది, నేనూ వాదించలేదు.

తర్వాత ఆవిణ్ణి హ్యాండ్‌మెయిడ్‌ని చేస్తారు, అంటే కమాండరు అనే పెద్ద ఆఫీసరు ఇంట్లో ఉండి ఆయనకి పిల్లల్ని కనిపెట్టాలి. ఈ హ్యాండ్‌మెయిడ్లు సరుకులకి వెళ్ళాలంటే ఇద్దరిద్దరు జంటగానే వెళ్ళాలి. ఆవిడ మీద ఈవిడ నిఘా, ఈవిడ మీద ఆవిడ. జీతం ఇవ్వక్కర్లేని పోలీసు.

చివరగా ఒక్క విషయం. ఆవిడ కథ అర్ధంతరంగా ఆగిపోతుంది, నల్ల వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది, రక్షించడానికో చంపడానికో చెప్పరు. పేజీ తిప్పితే ఇంకో అధ్యాయం ఉంటుంది, చాలామంది నవల అయిపోయిందనుకుని చదవరు, చదవండి దయచేసి. అది 2195 జూన్ 25. ఆ ప్రభుత్వం పోయి చాలా కాలమైంది. ఒక యూనివర్సిటీలో సెమినారు, ఆ కాలం మీద పరిశోధన చేసిన ప్రొఫెసరు మాట్లాడుతుంటాడు. పాత సైనిక పెట్టెలో ఓ ముప్పై దాకా క్యాసెట్లు దొరికాయి, మొదట్లో పాటలు, ఆ తర్వాత ఒక ఆడమనిషి గొంతు, మేం వాటిని వరసలో పెట్టి రాసుకున్నాం, మీరు చదివింది అదే అంటాడు. చాలా పనిమంతుడు. జోకులు వేస్తాడు, ఆడవాళ్ళని దాటించిన రహస్య దారి మీద కూడా ఒక వెకిలి జోకు వేస్తాడు, సభలో నవ్వులు. మనం ఆ కాలంవాళ్ళని తీర్పు తీర్చకూడదు, అర్థం చేసుకోవాలి అంటాడు, చప్పట్లు. ఆ కమాండరు ఎవరై ఉంటాడు అన్నదాని మీద పేజీలు పేజీలు మాట్లాడతాడు, ఆవిడ అసలు పేరేంటో తెలీదు, ఆవిడ ఆ కమాండరు కంప్యూటర్ నుంచి ఓ ఇరవై పేజీలు ప్రింటు తీసి ఇచ్చి ఉంటే ఎంత ఉపయోగపడేదో అని వాపోతాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆవిడ చెప్పింది కాక, చెప్పనిదే ఆయనకి కావాలి.

నేనూ ఇవాళ ఇక్కడ నిలబడి మీ చేత నాలుగైదు సార్లు నవ్వించాను, లెక్కపెట్టుకున్నాను కూడా. చేతిరాత బాగుందనిపించుకోవడం అంత తేలిగ్గా పోయే అలవాటు కాదు. ఆ రబ్బరు అడిగినవాడు ఇప్పుడు మా ఊళ్ళోనే ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు, పోయిన సంక్రాంతికి కలిస్తే గుర్తుందా అని అడిగాను, లేదురా అన్నాడు. నమ్మలేదు నేను.

అన్నట్టు ఆ ప్రొఫెసరు ప్రసంగం చివర్లో సభవైపు తిరిగి ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడుగుతాడు, నవల్లో ఆఖరి వాక్యం అదే, అక్కడితో పుస్తకం అయిపోతుంది, ఎవరైనా అడిగారో లేదో మనకి తెలీదు. ఇదిగో, మైకు అటు పంపిస్తున్నాను, ఆ చివర నీలం చీర కట్టుకున్న మేడమ్ గారు ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. చెప్పండమ్మా.